రెండు కాళ్లు, ఒక్క చప్పుడు

ఆకాశం నుంచి మా ప్రాంతానికి దిగేవి ఆ రోజుల్లో మూడే. అప్పుడప్పుడు వాన, దానికంటే తరచుగా పిడుగు, ఎన్నికలకు ఒకసారి మంత్రిగారి హెలికాప్టర్. ఆకాశం నుంచి దిగడమే ఉద్యోగంగా పెట్టుకున్న మనిషి మాత్రం ఒక్కడే పుట్టాడు. పేరు లక్ష్మీరాజం. కోరుట్ల నుంచి సిరిసిల్లకు పోయే దారిలో, రుద్రంగికి కాస్త అటో ఇటో ఉన్న ఊళ్లో, గుంట మగ్గం పక్కన పుట్టాడు. ఊరి పేరు చెప్పనక్కర్లేదు. అక్కడి పోలీసు స్టేషన్ పేరు అసలే అక్కర్లేదు.

గుంట మగ్గం చూడనివారికి ఒక మాట. నేలలో మోకాటి లోతు గుంట ఉంటుంది. నేతగాడు దాని అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేస్తాడు. గుంటలో రెండు తొక్కుడు చెక్కలుంటాయి. కుడికాలు తొక్కితే సగం పోగులు లేస్తాయి, అడ్డపోగు మోసే నాడె ఇటు నుంచి అటు పోతుంది. ఎడమకాలు తొక్కితే మిగతా సగం లేస్తాయి, నాడె వెనక్కి వస్తుంది. రెండూ కలిపి తొక్కితే ఏమీ జరగదు, నెత్తిన తండ్రి మొట్టికాయ పడడం తప్ప. లక్ష్మీరాజం పదో ఏట ఆ గుంటలోకి దిగాడు. ఇరవయ్యో ఏట పైకి వచ్చేసరికి అతని కాళ్లు పాలు పంచుకున్న అన్నదమ్ముల్లా తయారయ్యాయి. ఒకటి దిగితేగాని రెండోది కదలదు.

ఎనభై ఆరులో జగిత్యాలలో సైన్యానికి భర్తీ జరిగింది. ఆ రోజుల్లో మా యువకులకు పరుగు నేర్పాల్సిన పని లేదు. ఖాకీ కనపడితే ఒక దిక్కు, నక్సలైట్ అన్నల ఆకుపచ్చ కనపడితే ఇంకో దిక్కు, సాధన నిత్యం సాగుతూనే ఉండేది. మైలు పరుగులో లక్ష్మీరాజం మూడోవాడుగా వచ్చాడు. ముందొచ్చిన ఇద్దరి ఊళ్లలో పోలీసు క్యాంపులున్నాయని తర్వాత తెలిసింది.

శిక్షణ కేంద్రంలో ఒకనాడు పారాచ్యూట్ దళానికి ఎవరు ముందుకొస్తారని అడిగారు. దేశం కోసం ఒకడు చేయెత్తాడు. అదనపు భత్యం కోసం ఆరుగురు ఎత్తారు. లక్ష్మీరాజం గుడ్డ కోసం ఎత్తాడు. పారాచ్యూట్ అంటే గుడ్డేనని ఎవరో చెప్పగా విన్నాడు. తాను పదేళ్లు నేసిన గుడ్డ ముగ్గురున్న ఇంటిని మోయలేకపోయింది. మనిషినీ తుపాకీనీ మూటనూ కలిపి మోసే గుడ్డ ఎట్లుంటుందో ఒకసారి చేత్తో పట్టి చూడాలనుకున్నాడు. ఈ వృత్తిపరమైన కుతూహలాన్ని సైన్యం సాహసమని రాసుకుంది.

ముందు తొంభై రోజుల పరీక్ష. ఇసుక మూట వీపున వేసి పరిగెత్తించడం, నిద్ర పట్టగానే లేపడం, లేచినవాణ్ని తిట్టడం, తిట్టినప్పుడు ముఖం ఎట్లా పెట్టాడో రాసుకోవడం. పోదలచినవాడు ఎప్పుడైనా పోవచ్చు, ఎవరూ ఆపరు. సగం మంది పోయారు. లక్ష్మీరాజం పోలేదు. అతనింకా గుడ్డ చూడలేదు.

అతను అక్కడ నిద్ర మానుకుని నిలబడిన ఆ రోజుల్లోనే ఊళ్లో కొత్త ఎస్సై దిగాడు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన చురుకైన యువకుడు. వస్తూనే ఊళ్లో ఇరవై ఏళ్ల మగపిల్లల్ని లెక్కపెట్టించాడు. ఒకడు తగ్గాడు. తగ్గినవాడి తండ్రి మార్కండేయులిని పిలిపించాడు.

"మీవాడేడయ్యా?"

"మిల్ట్రీల ఉన్నడు సార్."

"అందరూ ఏదో ఒకటి చెప్తారు. నిన్న ఒకాయన బొంబాయన్నాడు, మొన్న ఒకాయన దుబాయన్నాడు. నువ్వు మిలిటరీ అంటున్నావు. కొత్తగా ఉంది, ఒప్పుకుంటా."

"మీ టేషన్ నుంచే కాయితం పోయింది సార్. పిలగాడు మంచోడని."

అది నిజమే. సైన్యంలో చేర్చుకునే ముందు కుర్రవాడి గుణగణాలు ఆ స్టేషన్‌నే అడిగారు. పాత ఎస్సై సంతకం పెట్టి పంపాడు కూడా. అయితే తనకు ముందున్నవాడు రాసిన మాట నమ్మిన అధికారి మన పరిపాలనా చరిత్రలో ఇంతవరకూ లేడు. ఈయన ఆ సంప్రదాయాన్ని చెడగొట్టదలచలేదు.

"రుజువేదన్నా ఉంటే తేరాదె మార్కండేయులన్నా," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ బుచ్చయ్య. ఈ వైపువాడే కాబట్టి కొంచెం మర్యాదగా అన్నాడు.

మార్కండేయులు ఇంటికి పోయి కొడుకు రాసిన ఉత్తరం తెచ్చాడు. ఆ పొరపాటు చేయకుండా ఉంటే మనకీ కథ లేదు. బుచ్చయ్య గొంతు సవరించుకుని చదివాడు.

"'బాపుకు, అవ్వకు దండాలు. నేను మంచిగున్న. పొద్దుగాల నాలుగింటికే లేపుతరు. ఇసుక మూటలు ఏసుకొని గుట్టలెంబడి ఉరుకుతున్నం. కండ్లకు గుడ్డ కట్టుకొని తుపాకి విప్పుడు, మల్ల బిగించుడు అచ్చింది. ఏడున్నమో రాయద్దన్నరు. ఇగ ఎత్తు మీంచి దుంకుడు నేర్పుతరట. ఎవలకు చెప్పకుండ్రి.'"

చదువుతున్నకొద్దీ బుచ్చయ్య గొంతు తగ్గుతూ వచ్చింది. చివరి వాక్యం దాదాపు తనలో తాను చదువుకున్నాడు.

"అడ్రసేముంది?" అని ఎస్సై అడిగాడు.

"ఊరు లేదు సార్. ఏదో నంబరుంది, యాభై ఆరు ఏపీఓ అని ఉన్నది." సైన్యం ఉత్తరాల మీద ఊరి పేరుకు బదులు ఉండే తపాలా నంబరది.

"ఊరు లేదు," ఎస్సై కుర్చీలో వెనక్కి వాలాడు. "ఈ దూకడమెందుకయ్యా?"

"ఇమానంలకెల్లి దుంకాలట సార్," అన్నాడు మార్కండేయులు.

"విమానం దిగేదాకా ఆగలేకా?"

ఇది న్యాయమైన ప్రశ్నే. మార్కండేయులికీ ఆ అనుమానం మొదటి నుంచీ ఉంది. 

"మేమొస్తే గోడ దూకడానికయ్యా అది," ఎస్సై తేల్చాడు. "సద్దుల బతుకమ్మ లోపల వాణ్ని యూనిఫాంతో నా ముందు నిలబెట్టు. లేదంటే అడవి లోపలికి పోయినవాళ్ల లిస్టులో పేరు పైకి పంపిస్తా. అందాకా ప్రతి సోమవారం పొద్దున్నే వచ్చి ఆ రేకుల కింద కూర్చో, పొద్దుగూకాక పో."

ఆ లిస్టుకెక్కిన ఇంటికి ఏమవుతుందో ఊళ్లో ఒకరు చెప్పనక్కర్లేదు. వెనక వీధి కొమురయ్య ఇంటికి తలుపు పోయి తడిక వచ్చింది. కొమురయ్య నాలుగు నెలలుగా గోడ పట్టుకుని నడుస్తున్నాడు. మార్కండేయులు ఆ రాత్రి పోస్టుకార్డు రాయించాడు. పోస్టుకార్డును స్టేషన్లో చదువుతారని తెలుసు కాబట్టి సంతోషంగా రాయించాడు.

"రాజం, మేం మంచిగున్నం. సోమారం సోమారం నేను టేషన్ల కూసుంటున్న, సార్లు బాగనే అరుసుకుంటున్నరు. సద్దులకు నువ్వు డ్రెస్సేసుకొని రావాలె. రాకుంటే నిన్ను అన్నలల్ల కలుపుతరట. అవ్వ పైలమని చెప్పుమన్నది."

కార్డు అతన్ని వెతుక్కుంటూ, విమానం నుంచి దూకడం నేర్పే ఆగ్రా చేరేసరికి లక్ష్మీరాజం కూడా ఆగ్రా చేరాడు. తాజ్‌మహల్ చూడలేదు. అది నేసింది కాదు గనుక ఆసక్తి కూడా లేదు. కార్డు పట్టుకుని సెలవు అడగబోతే గుమాస్తా రూలు చెప్పాడు. విమానం నుంచి ఐదు దూకులు దూకి ఛాతీకి రెక్కల బిళ్ల పెట్టించుకున్నవాడికే సెలవు. తప్పినవాడికి మళ్లీ నాలుగు నెలల తర్వాత కోర్సు, అందాకా సెలవు లేదు. ఈ కోర్సు సద్దులకు వారం ముందు ముగుస్తుంది. అంటే తండ్రి రేకుల కింది నుంచి లేవాలంటే కొడుకు ఆకాశం నుంచి సరిగా దిగాలి.

దిగడం నేర్చుకోవడానికి పన్నెండు రోజులు పెట్టారు. ఎక్కడానికి శిక్షణేమీ లేదు, కూర్చుంటే చాలు. గొడుగు ఎంత మంచిదైనా నేల తాకే వేళకు పన్నెండడుగుల గోడ మీంచి దూకినంత ఊపు మిగిలే ఉంటుందట. ఆ ఊపు ఒక్కచోట పడితే ఎముక విరుగుతుంది. అందుకని రెండు పాదాలూ, రెండు మోకాళ్లూ అతికించినట్టు ఉంచాలి. గడ్డం ఛాతీకి ఆనించాలి. నేల తగలగానే పిక్క, తొడ, తుంటి, వీపు వరసగా ఆనిస్తూ పక్కకు దొర్లాలి. ఇదంతా నేలమీద, నాలుగడుగుల అరుగు మీంచి ఇసుక గుంటలోకి దూకుతూ, రోజుకు నూరుసార్లు నేర్పుతారు. గుంట వదిలి సైన్యంలోకి పోయిన లక్ష్మీరాజాన్ని సైన్యం మళ్లీ గుంటలోనే దించింది.

నేర్పే ఎయిర్‌ఫోర్స్ ఉస్తాద్ పెద్ద మీసాలవాడు. అతను చూసేవాడు కాదు, వినేవాడు. గుంటకు వీపు తిప్పి నిలబడి చప్పుళ్లు లెక్కపెట్టేవాడు. అందరూ దూకితే ఒక్క 'ధబ్'మని వినపడేది. లక్ష్మీరాజం దూకితే 'టక్, టక్'.

"లక్ష్మీ," అని ఉస్తాద్ వెనక్కి తిరగకుండానే హిందీలో పిలిచాడు. సైన్యం పొడుగు పేర్లను కత్తిరిస్తుంది, ఏ ముక్క మిగులుతుందో దానిష్టం. "ఇద్దరు దూకారా?"

"ఒక్కణ్నే ఉస్తాద్."

"మరి ఆ రెండోవాడు ఎవడు?"

ఆ రెండోవాడు ఎడమకాలు. గాలిలో ఉన్నంతసేపూ బుద్ధిగా కుడికాలిని అంటుకునే ఉంటుంది. నేల దగ్గరపడగానే పదేళ్ల పాఠం గుర్తొచ్చి, నీ తర్వాతే నేనని మర్యాదగా ఆగిపోతుంది. ఉస్తాద్ తిట్టాడు, మైదానం చుట్టూ పరిగెత్తించాడు, మోకాళ్ల మధ్య టోపీ పెట్టి దూకించాడు. టోపీ మాసిపోయింది. ఎనిమిదో రోజు పొద్దున ఉస్తాద్ దగ్గరికొచ్చి మామూలు గొంతుతో మాట్లాడాడు. అతను మామూలుగా మాట్లాడాడంటే ఆశ వదులుకున్నాడని అర్థం.

"నువ్వు మంచివాడివే. ఈ కాళ్లతో విమానం ఎక్కితే మడమ విరిగి దిగుతావు. ఎల్లుండిదాకా చూస్తా. తర్వాత పంపించేస్తా."

ఆ సాయంత్రం లక్ష్మీరాజం పెట్టె తీసి, ఊడిన గుండీ కుట్టుకుందామని కూర్చున్నాడు. తల్లి సత్యవ్వ దారానికి పనికొస్తుందని పెట్టెలో ఒక నూలు కండె వేసి పంపింది. కుట్టబోతుంటే పోగు తెగింది. మనసు రేకుల కింది తండ్రి మీద ఉన్నా, అతని వేళ్లు ఎవర్నీ అడగకుండా తెగిన కొసలు రెండూ కలిపి అతుకు వేశాయి. లక్ష్మీరాజం ఆ వేళ్ల వైపు చాలాసేపు చూశాడు.

నేతగాళ్ల ఇళ్లలో ఒక ఆచారం ఉంది. పోగు తెగితే మగ్గం ఆగుతుంది. అతుకు పడేదాకా అన్నం ఆగుతుంది, చుట్టం ఆగుతాడు. యముడొచ్చినా గడప అవతల బీడీ కాల్చుకుంటూ ఆగాల్సిందే. తెగిన పోగును చూస్తూ కూర్చున్న పిల్లవాణ్ని ఆ ఇళ్లలో కొట్టేది పోగు తెగినందుకు కాదు, చూస్తూ కూర్చున్నందుకు.

మర్నాడు లక్ష్మీరాజం రెండు బూట్లకూ కలిపి, మడమల దగ్గర ఒక్క నూలు పోగు కట్టి, కప్పలా గెంతుతూ అరుగు ఎక్కాడు. దూకాడు. టక్, టక్. పోగు తెగింది. ఇసుకలోనే కూర్చుని తెగిన కొసలు వెతికి అతుకు వేశాడు. అరుగు మీద తొమ్మిది మంది వరసలో నిలబడ్డారు. యముడే ఆగేచోట భారత సైన్యం ఆగడంలో వింత లేదు. మళ్లీ ఎక్కాడు, మళ్లీ తెగింది, మళ్లీ కూర్చున్నాడు. ఉస్తాద్ ఒకసారి మెడ తిప్పి చూసి, మళ్లీ గుంటకు వీపు పెట్టి చప్పుళ్లు లెక్కపెట్టాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో అతనెందరో భయపడ్డవాళ్లను, ఏడ్చినవాళ్లను చూశాడు. గుంటలో కూర్చుని ముడి వేసుకునేవాణ్ని చూడలేదు.

పదకొండోసారి గుంటలోంచి ఒకే ఒక్క చప్పుడు వినపడింది. ఉస్తాద్ వెనక్కి తిరిగాడు. లక్ష్మీరాజం కాళ్ల దగ్గర వంగి చూశాడు.

"ఇదేమిటి?"

"పోగు ఉస్తాద్."

"ఇది రూల్స్ పుస్తకంలో ఉందా?"

"లేదు ఉస్తాద్."

"వద్దని ఉందా?"

"చదవలేదు ఉస్తాద్."

ఉస్తాద్ నడుము నిటారు చేసుకున్నాడు. "నేనూ చదవలేదు," అన్నాడు. తర్వాతివాణ్ని పిలిచాడు.

నడుము కింది భాగం సైన్యం మాట ఎనిమిది రోజులు విననిది, నూలు మాట పదకొండు దూకుల్లో విన్నది.

పన్నెండు రోజులూ ముగిసి విమానం ఎక్కే రోజు వచ్చింది. అంతకుముందు లక్ష్మీరాజం ఎక్కిన అన్నిటికంటే ఎత్తయిన వాహనం కొండగట్టు జాతరకు పోయే బస్సు టాపు. విమానంలో అందరి కొక్కేలనూ పైనున్న తీగకు తగిలించారు. మనిషి దూకితే ఆ కొక్కెమే వీపుమీది సంచిని తెరుస్తుంది, మనిషి తెలివితో పని లేదు. తలుపు దగ్గరికి చేరాక లక్ష్మీరాజం వంగి మడమలకు పోగు కట్టుకున్నాడు. ఎర్రదీపం పోయి పచ్చదీపం వచ్చింది. వీపు మీద ఒక చరుపు పడింది. బయట గాలి చెంపమీద కొట్టింది, భుజాలు ఒక్కసారి పైకి గుంజుకుపోయాయి, ఆపైన ఏ చప్పుడూ లేదు.

మిగతావాళ్లు కిందికి చూశారు. లక్ష్మీరాజం తలెత్తి గుడ్డ చూశాడు. ఇన్నాళ్లకు దర్శనం. సన్నటి నేత, ఎండ అవతలి నుంచి కనపడుతోంది. ప్రతి కొన్ని పోగులకు ఒక లావు పోగు, నిలువునా అడ్డంగా, చిన్న చిన్న గళ్లు. ఎందుకో అతనికి వెంటనే తెలిసింది. ఎక్కడైనా చిరుగు పడితే పక్కనున్న లావు పోగు దగ్గరే ఆగిపోతుంది. నేసినవాడు మొనగాడనుకున్నాడు. అంచు ఎట్లా కట్టాడా అని మెడ తిప్పుతుండగా కింద మెగాఫోన్‌లో ఉస్తాద్ తిట్లు వినపడ్డాయి. నేల అప్పటికే చెట్టెత్తు దూరానికొచ్చింది. కాళ్లు కలపమని అతను చెప్పే లోపలే పోగు చెప్పింది. ధబ్. దొర్లి లేచి ముందు మడమలు చూసుకున్నాడు. పోగు ఉంది.

మిగతా నాలుగూ అట్లాగే దూకాడు. ఛాతీకి రెక్కలు, నెత్తికి మెరూన్ టోపీ, జేబులో సెలవు కాగితం పెట్టుకుని రైలెక్కాడు.

పెద్దపల్లిలో దిగి కరీంనగర్ మీదుగా బస్సు పట్టాడు. యూనిఫాం మనిషి పక్కన కూర్చోవడం ఆ రోజుల్లో బీమా లేని పని. మల్యాల, జగిత్యాల, కోరుట్ల దాటి ఊరొచ్చేదాకా ముగ్గురి సీటులో ఒక్కడే దర్జాగా ప్రయాణించాడు. నిలబడ్డ నలభై మంది అతన్ని ఎంతో గౌరవించారు. ఆ రోజు సోమవారం. సద్దులకు ఇంకా మూడు రోజులున్నాయి. ఇంటికి పోకుండా నేరుగా స్టేషన్‌కు పోయాడు.

మార్కండేయులు రేకుల కింద తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు. కొడుకును చూసి లేవబోయి, లేవడానికి అనుమతి ఉందో లేదోనని మళ్లీ కూర్చున్నాడు.

"కాళ్లు మంచిగున్నయా రాజం?" అన్నాడు.

"మంచిగున్నయి బాపు. నువ్వు శానా బక్కగైనవ్."

"కూసున్నోనికి ఏం తిండి పడుతది."

ఎస్సై బయటికొచ్చి చుట్టూ తిరిగి చూశాడు. యూనిఫాం వేలితో తాకాడు. "సిరిసిల్లలో ఏ గుడ్డయినా నేస్తారు, ఏ డ్రెస్సయినా కుడతారు." గుర్తింపు కార్డు అటూ ఇటూ తిప్పాడు. "ఇది ఏ ప్రెస్సులోనైనా అచ్చేస్తారు." సెలవు కాగితం మీది ముద్రను ఎండకు పెట్టి చూశాడు. అన్నీ సరిగ్గా ఉండడం అతని అనుమానాన్ని మరింత పెంచింది. నిజమైన ప్రభుత్వ కాగితంలో ఏదో ఒక తప్పుండాలి.

"విమానంలోంచి దూకుతావటగా. అదిగో గోడ. దూకి చూపించు."

పక్క మండలంలో స్టేషన్ మీద దాడి జరిగాక కొత్తగా లేపిన గోడ అది. పన్నెండడుగులు. లక్ష్మీరాజం నిచ్చెన వేయించుకుని ఎక్కాడు. పైన నిలబడి కాళ్లు దగ్గరికి తెచ్చుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఐదో దూకుతో సత్యవ్వ కండె అయిపోయింది. కింద ఇసుక లేదు, గట్టి మొరం నేల. టక్, టక్ అంటే మడమ పోతుంది. మడమ పోయినవాడు మిలిటరీ అంటే ఎస్సై నమ్మడు. మార్కండేయులు రేకుల కిందే ఉండిపోతాడు.

"బాపు," అని పైనుంచి పిలిచాడు. "ఒక్క పోగు గావాలె. కాళ్లకు."

ఎందుకని మార్కండేయులు అడగలేదు. తువ్వాల అందుకున్నాడు. తన చేత్తో నేసిన తువ్వాల. నేసిన గుడ్డ నుంచి పోగు లాగడం ఆ ఇళ్లలో పెద్ద తప్పు. పిల్లలు సరదాకు లాగినా చేతులు వాచేవి. అరవై ఏళ్లు ఆ తప్పు చేయని మనిషి, అంచు దగ్గర గోరుతో రేపి, ఒక పోగును ఈ కొస నుంచి ఆ కొసదాకా లాగాడు. లాగిన చోట తువ్వాలలో సన్నటి గీత పడింది. నిచ్చెనెక్కి కొడుకు మడమలకు తనే ముడేశాడు.

"ఏంటది, తాయెత్తా?" అన్నాడు ఎస్సై.

"పోగు సార్," అన్నాడు మార్కండేయులు నిచ్చెన దిగుతూ.

లక్ష్మీరాజం దూకాడు. స్టేషన్ ఆవరణలో ఒకే ఒక్క చప్పుడు. దొర్లాడు, లేచాడు, ఎస్సైకి సెల్యూట్ కొట్టాడు. బుచ్చయ్య రెండు చప్పట్లు కొట్టి, తానెక్కడున్నాడో గుర్తొచ్చి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మార్కండేయులు మాత్రం వంగి మడమల దగ్గర పోగును తడిమి చూశాడు.

ఎస్సై న్యాయం తప్పని మనిషి. అక్కడికక్కడే రిజిస్టరు తెప్పించి మార్కండేయులి పేరు కొట్టేశాడు. తర్వాత గోడ వైపు చూశాడు. 

"బుచ్చయ్యా, ఈ గోడ ఎందుకు కట్టించాం?"

"ఎవలు దుంకద్దని సార్."

"ఇప్పుడు ఊళ్లో ఒకడు దూకగలడు."

"ఔ సార్."

"కళ్లు మూసుకుని తుపాకీ విప్పి బిగిస్తాడు. ఎక్కడుంటాడో ఎవరికీ చెప్పడు."

"అది మిల్ట్రీ కద సార్."

"కాదన్నానా?" అన్నాడు ఎస్సై. కలం మూత తీశాడు. కొట్టేసిన పేరు కిందే కొత్త పేరు రాశాడు. సిపాయి లక్ష్మీరాజం, తండ్రి మార్కండేయులు, సెలవు మీద ఊళ్లో ఉన్నంతకాలం ప్రతి సోమవారం హాజరు కావలెను.

లక్ష్మీరాజం పదిహేడేళ్లు నౌకరీ చేశాడు. విమానం నుంచి తొంభై పై చిలుకు సార్లు దూకాడు, స్టేషన్ గోడ మీంచి ఒక్కసారి. సెలవు మీద వచ్చినప్పుడల్లా రేకుల కింద కూర్చున్నాడు. ఎస్సైలు తొమ్మిది మంది మారారు. తనకు ముందున్నవాడు రాసింది నమ్మని ఆ తొమ్మిది మందీ, ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం గట్టిగా నమ్మారు. గోడను ఇంకో మూడడుగులు లేపించారు.

ఆ మొదటి సెలవులో, సద్దుల తర్వాతి వారం, మార్కండేయులి మగ్గం చాలా రోజులకు సోమవారం కూడా ఆడింది. మధ్యాహ్నం ఆపి, మొక్కజొన్న రవ్వతో వండిన మక్కగట్క గిన్నె పట్టుకుని స్టేషన్‌కు వచ్చాడు. కొడుకు తింటుంటే పక్కన కూర్చున్నాడు.

"నీ హాజరు ఎగిరిపోయింది గద మార్కండేయులన్నా, ఇంటికి పోరాదె," అన్నాడు బుచ్చయ్య.

"పోత. గిన్నె అయినంక పోత," అన్నాడు మార్కండేయులు. కొడుకు వైపు తిరిగాడు. "గా గుడ్డ ఎట్లుంటది?"

లక్ష్మీరాజం గట్క కలుపుతున్న వేలితోనే నేలమీద గళ్లు గీశాడు. సన్న పోగులు, లావు పోగులు చూపించాడు. చిరుగు పడితే ఎక్కడ ఆగుతుందో చెప్పాడు. మార్కండేయులు తువ్వాల ఒళ్లో పరుచుకుని, పోగు లాగిన చోట గీతను వేలితో రాస్తూ విన్నాడు.

"ఎంత చిరిగినా గాడనే ఆగుతదా?"

"ఆగుతది బాపు."

"మన దిక్కు గసొంటి గుడ్డ నేసేటోడు లేడు," అన్నాడు మార్కండేయులు.

లోపలి నుంచి బుచ్చయ్య కేకేశాడు. మూడింటి సంతకం వేళయింది. లక్ష్మీరాజం చేయి కడుక్కుని లేచాడు.